బిళ్ళగన్నేరు కషాయం

1994 జూలై, ఆదివారం రాత్రి. రుఆబాంధా, స్టీలు ప్లాంటు కాలనీ.

ఈరోజు అత్తయ్య చేతిలోని గ్లాసు లాక్కుని సింకులో పారబోశాను. క్వార్టర్ ముందున్న బిళ్ళగన్నేరు ఆకులు మరిగించి మా స్వాతికి పట్టబోయింది.

“ఏటమ్మా అలా పారబోసీసావు? పిల్లకి ఎక్కించిన ఇంజక్షను ఈ మొక్కలోదేనని డాక్టరమ్మే చెప్పింది కదా!” అంది.

నిజమే, రక్త క్యాన్సర్ మందు అందులోంచే తీస్తారు. కానీ బస్తాలకొద్దీ ఆకుకి రవ్వంత మందు వస్తుందని, ఉత్త ఆకు కషాయం విషమని చెప్పాను.

“అయితే ఆ రవ్వంతే మళ్లీ ఎక్కించమను.”

ఇక దాచలేకపోయాను. ఆ మందు పాపకి పనిచేయడం మానేసిందని, డాక్టరమ్మ ఇంటికి పంపేసింది అందుకేనని మెల్లగా చెప్పాను. అత్తయ్య ఖాళీ గ్లాసు తీసుకుని కడగసాగింది.

నాన్నమ్మని తిట్టొద్దంటూ గదిలోంచి స్వాతి బడి హిందీ కలిపి పిలిచింది. “మమ్మీ, దాదీకో మత్ డాంటో. చేదైనా నేను తాగేస్తాను.”

ఇన్ని నెలల్లో అది మందు తానుగా అడగడం ఇదే మొదలు. ఏమివ్వను? గోరువెచ్చని నీళ్లలో తేనె కలిపి ఇచ్చాను. గడగడా తాగి, “దాదీ, చేదు లేదే!” అంది.

“లేదమ్మా,” అంది అత్తయ్య, దాని మూతి తుడుస్తూ. “బాగా పన్జేస్తాది.”