తల్లి వాటా తీసేసిన గుడ్డు

బెర్న్,
17 ఏప్రిల్ 1936, శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు రూడికి,

అక్క రోజాలీ ఆశీస్సులు. నా మోకాలి నొప్పి నెమ్మదించింది. కుశలం ఇంతటితో చాలు, నీతో తగువుంది.

మంగళవారం నీ ఉపన్యాసానికి వచ్చాను. తెర మీద నీ న్యూట్‌ల, అదే ఆ నీటిబల్లుల, పిండాలు చూశాను. ఒక జాతి గుడ్డు, ఇంకో జాతి మగబీజం. కొన్నాళ్లు చక్కగా పెరిగి, తలలో కణాలు చెడి చచ్చిపోయాయి. పక్కనున్న నా స్నేహితురాలు మార్త నా మోచెయ్యి పొడిచి, ఆ బల్లిపిల్లలు చెప్పే బుద్ధి మీ మేనకోడలు వ్రేనికి ఎక్కదేమే అంది. బుద్ధుంటే నేనూ నీ పక్కన కూర్చునేదాన్ని కాదులే అన్నాను.

నీ కూతురు పశువుల వ్యాపారి కొడుకు సాలి బోలాగ్‌ను చేసుకుంటానంటే, అతను యూదుడని ఏడాదిగా ఔననవు, కాదనవు. అతన్ని గుమ్మం ఎక్కనివ్వవు. సభలో ఎవరో లేచి, మరి మనుషుల సంగతేమిటి ప్రొఫెసర్ గారూ అంటే, జవాబు ప్రకృతే చెప్పింది కదా అని నవ్వావు. చప్పట్లు!

నాకప్పుడే అనుమానమొచ్చింది. నీ ప్రయోగశాలలో పిండాల బొమ్మలు గీసేది వ్రేనియే కదా, అడిగాను. ఆ గుడ్లలోంచి తల్లి కేంద్రకాన్ని నువ్వే సూదితో తీసేశావట! మిగిలింది తల్లి గుడ్డులోని పదార్థం, పరాయి తండ్రి కేంద్రకం. ఆ రెండింటికీ పొత్తు కుదరక పిండం చచ్చింది. తల్లి వాటా ఉంచిన గుడ్లలో కొన్ని ఈదే పిల్లలయ్యాయట. చచ్చే పిండం చర్మం ముక్కను ఆరోగ్యమైన పిల్లకు అతికిస్తే అదీ బతికిందట. ఈ మాటలన్నీ సభలో ఎందుకు మింగావు? మరిచిపోయానంటే నేను నమ్మను. యూదులతో పెళ్లి నేరమని చట్టం చేసిన ఆ సరిహద్దు అవతలివాళ్లు నిన్ను ఉపన్యాసానికి పిలిచారని విన్నాను. ఎవరి చప్పట్ల కోసం ఈ రిహార్సలు?

అయినా ఆ న్యూట్‌లవి రెండు వేరు జాతులురా. వ్రేని, సాలి ఒకే జాతి, మనుషులు. నా బడిపిల్లల్ని అడిగినా చెబుతారు.

జవాబు రాయి. రాయకపోతే ఇదంతా మా కార్మికుల పత్రికలో నా పేరుతోనే వేస్తాను.

నీ మీద కోపం తగ్గని అక్క,
రోజాలీ

తా.క.: నువ్వే కాదు, నేనూ ఒకటి మింగాను. ఈ ఉదయం వ్రేని, సాలి రిజిస్ట్రారు ఎదుట పెళ్లి చేసుకున్నారు. సాక్షి సంతకం నాది. నీ అంగీకారం చట్టానికి అక్కర్లేదు. ఆ పిల్లకు కావాలి, అందుకే ఇన్నాళ్లు ఆగింది. సభలో లేచి అడిగినవాడు సాలి. నీ నోట ఒక్క మంచి మాట విందామని వచ్చాడు. అతని ముఖం నువ్వు ఎరిగితేగా!

ఆదివారం మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లో. నువ్వొస్తే తలుపు తీసేది అతనే.