ఏ తాళానికీ పట్టని చెవి

మార్కాపురం, 1938 నవంబరు, గురువారం

ముప్పై ఏళ్లు పాఠశాలలో ఎవరికీ తెలియనివ్వని మూర్ఛ, తనను పెళ్లాడమని నన్ను అడిగిన దావీదుగారి ఎదుటనే ఈరోజు వచ్చింది. తెలివి వచ్చేసరికి నా గుప్పిట్లో ఇనుప తాళంచెవి ఉంది.

"ఇది మా ఇంటిది కాదే?" అన్నాను.

"నాదే టీచరమ్మా. ఏ తాళానికీ పట్టదు. మూడేండ్ల కింద చర్చి వెనక మీరు పడినప్పుడు చూసినా. అప్పటి నుంచి జేబులో ఏసుకొని తిరగతా ఉండా."

"ఇనుముతో మూర్ఛ తగ్గదండీ. నేను మద్రాసులో చదువుకున్నదాన్ని."

"తగ్గదని నాకూ తెల్సు. చేతులు కట్టుకొని చూస్తా నిలబడలేక పెట్టినా."

"అయితే జాలా?"

"జాలయితే డాక్టరును పిలుస్తా గానీ, పెండ్లి చేసుకోమంటానా?"

నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

జబ్బు సంగతి తెలియకనే అడిగారని, తెలిస్తే వెనుదిరుగుతారని తలచి, రేపటి జవాబుగా ఆయనతో కాదని చెప్పడానికి మాటలు కూర్చుకుని ఉంచాను. అవిప్పుడు పనికిరావు. వేరే కారణం వెతికాను. ఆయన పలకల వ్యాపారి అనా? నాకు అరవై దాటాయనా? నిజం రాయాలంటే, ఒక్కటీ నిలవడం లేదు.

రేపు ఆయనతో కాదని చెప్పను. నా ఇల్లు వదలి రానని మాత్రం చెబుతాను. ఆపై ఆయన ఇష్టం...