మీ అమ్మ కుడికాలు

ఇసకపల్లి,
1963 ఆగస్టు, ఆదివారం.

మా కూతురు ఆనందకుమారికి నాయన కృపాదానం దీవించి రాసేది. ప్రభువు దయ వలన ఇక్కడ నేను, మీ అమ్మ ప్రాణాలతో ఉన్నాము. అందరం క్షేమం అని రాయడం వాడుక. రాస్తే అబద్ధం అవుతుంది, ఈ జాబులో అబద్ధం రాయకూడదు అనుకొని కూచున్నాను. మద్రాసులో నువ్వు, అల్లుడు జయకుమార్, పాప సుఖంగా ఉన్నారని తలుస్తాను.

అక్షరాలు చూసి ఇదెవరి రాత అనుకొని ఉంటావు. ఎప్పుడూ నేను చెప్తా ఉంటే మన బడి సమాధానం పంతులు రాస్తాడు గదా, వరసగా, అందంగా. ఈసారి నేనే రాస్తున్నాను. ఉప్పు బస్తాల మీద తారుతో గుర్తులు వేసిన చెయ్యి ఇది. బైబిలు కూడా వేలు పెట్టి చదివేవాణ్ణి. వంకరలు ఉంటాయి, సరిపెట్టుకో. ఇది ఇంకొకరికి చెప్పి రాయించే సంగతి కాదు.

ముందు ఒక మాట. పోయిన జాబులో నువ్వు, మగ్దలీనమ్మ గురించి ఆసుపత్రి పెద్ద నర్సమ్మకు రాస్తానన్నావు. మీ అమ్మకు పక్షవాతం వచ్చినాక, ఇంట్లో ఉండి చూసుకోను నువ్వే ఆ ఆసుపత్రిలో అడిగి ఆమెను పంపించినావు. ఇప్పుడు మీ అమ్మ కాలు కాల్చింది కాబట్టి ఆమెను ఇంక ఏ రోగి ఇంటికీ పంపవద్దని రాస్తానన్నావు. రాసి ఉండకపోతే రాయవద్దు. రాసి ఉంటే దాని వెనకే ఇంకొకటి రాసి ముందు రాసింది కొట్టెయ్యమను. ఎందుకో చెప్తాను. ఒక్కసారిగా చెప్పే ధైర్యం రాలేదు. నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పుకుంటా వస్తాను.

అమ్మ ఏం తింటుంది అన్నావు. జావ, మెత్తగా పిసికిన అన్నం, చారు. ముల్లు తీసి ఇస్తే చేప కూడా తింటుంది. నోటి వంకర కొంచెం తగ్గింది. మాట రాలేదు. ఊ అంటుంది, ఎడమ చెయ్యి ఆడిస్తుంది. మనం అనేదంతా తెలుస్తుంది. కూచోబెట్టి పెడతా ఉన్నావా పండుకోబెట్టి పెడతా ఉన్నావా అని అడిగినావు. కూచోబెట్టే పెడతా ఉన్నాను. ఆ బుద్ధి నాకు పుట్టింది కాదు. మొదట్లో నేను పండుకోబెట్టి పోస్తా ఉంటే పొలమారి కండ్లు తేలేసింది. మగ్దలీనమ్మ పరుగెత్తుకొని వచ్చి నా చేతిలో గిన్నె లాక్కునింది. "మేస్త్రీ, మీ గొంతులో ఇట్లనే పోస్తా, పండుకోండి చూద్దాం" అనింది. నా ఇంట్లో, నా మొహం మీద.

వీపున పుండు పడిందా అని అడిగినావు. పడింది. మగ్దలీనమ్మ మన ఇల్లు విడిచి పోయినాకనే పడింది. తుంటి కింద, రూపాయి బిళ్ళంత. ఆమె ఉన్నన్ని నెలలు ఒక్క మచ్చ పడలేదు. పొద్దంతా ఈ పక్కకు ఒకసారి ఆ పక్కకు ఒకసారి తిప్పుతా ఉండేది, దుప్పటిలో చిన్న ముడత ఉన్నా లాగి సరిచేసేది. నేను తిప్పుతాను గానీ కునుకు పడితే మరిచిపోతాను. పక్కింటి ఆదిశేషమ్మ వచ్చి ఒళ్ళు తుడిచి పోతుంది. "ఉప్పు మళ్ళల్లో కూలోళ్ళను తిప్పినంత సుళువు కాదులే అన్నా, పెళ్ళాన్ని తిప్పేది" అని నవ్వింది. నేనూ నవ్వినాను. పుండు చూసినాక ఆమె మళ్ళా ఆ మాట అనలేదు.

ఉప్పు మళ్ళ సంగతి. ఈ ఏడు వాన ముందే పడి ఉప్పు కుప్పలు సగం కరిగినాయి. తాటాకులు కప్పండ్రా అని గట్టు మీద నుంచి అరిచినాను. కొత్త మేస్త్రీ నా వైపు కూడా చూడలేదు. పోనీలే.

ఇంక మగ్దలీనమ్మ సంగతి.

ఆమె వచ్చిన రోజే మాకు చెడింది. గడప దాటి లోపలికి వస్తానే సబ్బు ఏది అని అడిగింది. నేను మీ అమ్మను ముట్టుకోబోతే "చేతులు" అనింది. కడుక్కోండి అని కూడా లేదు, అంత మాటే. నేను నలభై మందికి పని చెప్పినవాణ్ణి. ఈమె నశ్యం పీల్చుకుంటా, చెంగుతో ముక్కు తుడుచుకుంటా, నా ఇంట్లో నాకు పని చెప్తా ఉంటే నాకు ఎట్లా ఉంటుంది? నశ్యం పీల్చిన చేతులు నువ్వు కడిగినావా అన్నాను ఒకసారి. "కడిగినా. వాసన చూస్తారా?" అని చెయ్యి నా ముక్కు ముందర పెట్టింది. మీ అమ్మ నవ్వింది. వంకర నోటితో, నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు గిట్టలేదు. రాస్తా ఉంటే సిగ్గుగా ఉంది గానీ నిజం.

మీ అమ్మ కుడికాలు చల్లగా ఉండేది. ఎప్పుడు పట్టుకున్నా, ఎండాకాలంలో కూడా, నీళ్ళలో నుంచి తీసిన రాయి మాదిరి. నాకు అది భయం. కాలు చల్లబడితే మనిషి పోతా ఉన్నట్టే అని మనవాళ్ళు అంటారు గదా. మళ్ళల్లో పనిచేసే మాకు ఏ నొప్పికైనా ఉప్పు కాపడమే మందు. పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి అద్దడం. నా నడుం నొప్పికి మీ అమ్మ ఎన్నిసార్లు పెట్టిందో. అందుకని మగ్దలీనమ్మతో అన్నాను, కాలికి ఉప్పు కాపడం పెట్టు, రక్తం ఆడుతుంది అని.

"పెట్టకూడదు" అనింది.

"ఎందుకు?"

"ఆ కాలికి వేడి తెలవదు. కాలినా ఆమె చెప్పలేదు."

"ఉప్పు సంగతి నువ్వు నాకు చెప్తావా?"

"ఉప్పు సంగతి మీదే, మేస్త్రీ. కాలు సంగతి నాది" అనింది.

ఆ మాట నా లోపల ఉండిపోయింది.

ప్రతి శనివారం సాయంత్రం ఆమె అల్లూరులో చెల్లెలి ఇంటికి పోయి, ఆదివారం పొద్దున గుడి గంటకు ముందే వచ్చేసేది. ఆ శనివారం పోయేముందు గోరువెచ్చ నీళ్ళతో మీ అమ్మకు ఒళ్ళు తుడిచి, బట్ట మార్చి పోయింది. ఆమె అట్లా పోతానే నేను పొయ్యి ముట్టించినాను. గళ్ళుప్పు వేయించినాను. చిటపటలాడేదాక. మూట కట్టి మొదట నా చేతి మీద అద్దుకొని చూసుకున్నాను. నా చేతులు నీకు తెలుసు గదా, ఉప్పులో నాని నాని చెప్పు తోలు మాదిరి అయిపోయినాయి. నాకు వెచ్చగా తగిలింది. పిక్క మీద పెట్టినాను. "సుకంగా ఉందా రెబెక్కా?" అన్నాను. మీ అమ్మ నన్ను చూసింది. కాలు కదల్లేదు, మొహంలో నొప్పి లేదు. ఓర్చుకుంటా ఉంది, కాలికి పనిచేస్తా ఉంది అని సంతోషపడినాను. మళ్ళా వేయించి పెట్టినాను. మూటను కాలికి కట్టి దుప్పటి కప్పినాను. మగ్దలీనమ్మ వచ్చి వెచ్చబడిన కాలు పట్టుకొని చూసి నోరు మూసుకోవాలి, అది నా కోరిక.

తెల్లవారి మూట తీస్తే కింద తోలు లేచి ఉంది. బొబ్బలు. ఒకటి పగిలి నీరు కారి దుప్పటికి అంటుకునింది.

కూతురా, నేనే కాల్చినాను. మగ్దలీనమ్మ కాదు.

ఇంకా అయిపోలేదు. ఇంతవరకు చేసింది తెలివితక్కువతనం. తర్వాత చేసిందానికి ఆ పేరు పెట్టేదానికి లేదు.

ఆమె వచ్చి దుప్పటి ఎత్తి చూసి, "ఎవరు చేసినారు?" అని కేక పెట్టింది. ఆ కేకకు ఆదిశేషమ్మ వచ్చింది. గుడికి పోతా పోతా సమాధానం పంతులు లోపలికి వచ్చినాడు. అందరూ నా వైపు చూసినారు. నా నోట్లో నుంచి, "నువ్వే. నిన్న సలసల కాగే నీళ్ళు పోసి తుడిచినావు గదా" అని వచ్చింది. ముందుగా అనుకున్న మాట కూడా కాదు.

ఆమె వంగి ఆ కాలును వెలుగు వైపు తిప్పింది. తర్వాత, "నీళ్ళు పోస్తే కిందికి జారతాయి. ఇది చూడండి, మూట అద్దినట్టు గుండ్రంగా ఉండాది" అనింది పంతులుతో. నేను అరిచినాను. "తప్పు చేసి ఎదురు మాట్లాడతావా, పో నా ఇంట్లో నుంచి" అన్నాను. మళ్ళల్లో ఒక్క మాటతో ఎంతమందిని పంపించి ఉంటాను, ఆ గొంతు ఇంకా ఉంది. పంతులు నా మాటకే తల ఊపినాడు. గుడి పెద్దల్లో ఒకణ్ణి గదా నేను.

అప్పుడు మీ అమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది. నన్ను చూపించింది. ఊ, ఊ అని, వేలు నా మీదే పెట్టి, మళ్ళీ మళ్ళీ. "ఏమంటా ఉండాది అన్నా?" అని ఆదిశేషమ్మ అడిగింది. "భయపడి నన్ను దగ్గరికి రమ్మంటా ఉంది" అన్నాను. పోయి మంచం మీద కూచొని ఆ చెయ్యి పట్టుకున్నాను. ఊరికే పట్టుకోలేదు కూతురా. ఇంక చూపించకుండా పట్టుకున్నాను. ఆమె లాక్కుంటా ఉంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమెకు దేవుడు మిగిల్చిన ఒక్క చెయ్యి అది.

చూసినవాళ్ళు, ముసలోడికి పెళ్ళాం అంటే ఎంత ప్రేమ అనుకున్నారు. పంతులు నీకు రాసిన జాబులో కూడా ఆ ముక్క రాసినాడు, నీకు గుర్తుంటుంది. అది చదివి నువ్వు ఏడ్చినానని రాసినావు.

అప్పటి నుంచి మీ అమ్మ నా వైపు తిరిగి పండుకోదు. తిప్పితే కండ్లు మూసుకుంటుంది.

మగ్దలీనమ్మకు కోవూరులో ఒక ముసలాయనను చూసుకునే పని దొరికిందంట. పంతులు చెల్లెల్ని ఇచ్చింది ఆ వీధిలోనే. కాలు కాల్చిన మాట అక్కడికి పోయింది, వాళ్ళు ఆమెను వద్దన్నారు. అది విన్నాక నీ జాబు వచ్చింది, ఆసుపత్రికి రాస్తానని. ఆ తలుపు కూడా మూసేస్తే ఆమె ఎక్కడికి పోతుంది? మొగుడు లేడు. చేసే పని ఇదొక్కటే.

మొన్న అల్లూరు పోయినాను. చెల్లెలి ఇంటి అరుగు మీద కూచొని ఎవరిదో చింతపండు గింజలు తీస్తా ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఏం మేస్త్రీ, ఇంకా ఏమన్నా కాలిందా?" అనింది.

"నేనే కాల్చినానమ్మే" అన్నాను.

"అది నాకు ఆ పొద్దే తెలుసు. తెలిసినదానికే చెప్పేదానికి ఇంత దూరం ఎందుకు? తెలవనోళ్ళకు చెప్పండి."

"వస్తావా ఇంటికి?"

"మీరు పిలిస్తే రాను. మీ కూతురు పంపితే వచ్చినా, మీ కూతురు మళ్ళా రమ్మంటే అప్పుడు చూస్తా. వచ్చినా ఆ మంచం దగ్గర నా మాటే. కాపడం, పసరు, నూనె, ఏదైనా గానీ నన్ను అడక్కుండా ఆ ఒంటి మీద పడకూడదు. మీకు కోపం వస్తే బయటికి పోయి గట్టు మీద అరుచుకోండి."

సరే అన్నాను. నా జన్మలో ఒక పనిమనిషికి సరే అని అనలేదు. లేచి నడిచినాను. నాలుగు అడుగులు పోయినాక వెనక నుంచి, "ఆమె వీపు ఎట్లుండాది?" అని అడిగింది. పుండు పడింది అన్నాను. చేతిలో చింతపండు బుట్టలోకి విసిరికొట్టింది. తిట్టింది. ఏమని తిట్టిందో రాయను, తగిన తిట్టే. తిట్టినాక, పుండు మీద బరువు పడకుండా దిండు ఎక్కడ పెట్టాలో, కాగి చల్లారిన నీళ్ళతో ఎట్లా కడగాలో అరుగు మీద తన చెల్లెల్ని పండుకోబెట్టి చూపించింది. అట్లనే చేస్తా ఉన్నాను. కాలి మీద పచ్చి ఆరుతా ఉంది.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది. నాకు జవాబు రాయవద్దు. మగ్దలీనమ్మకు రాయి. ఆమె చెల్లెలి మొగుడు హజరత్తయ్య, అల్లూరు అని పైన రాస్తే చేరుతుంది. మా నాయన అబద్ధం చెప్పినాడు, నేను నమ్మినాను అని రాయి. రమ్మని అడుగు, రావాల్సిందే అనవద్దు. నన్ను నువ్వు ఏమన్నా అను, పడతాను. నాయన ముసలివాడు, పోనీలే అని మాత్రం అనవద్దు. ముసలితనం వలన చేసింది కాదు.

పైన ఇంగ్లీషులో నీ అడ్రసు రాయడం నాకు రాదు, దానికి పంతులు దగ్గరికే పోవాలి. కవరు అంటించకుండా తీసుకొని పోతాను. ముందు ఇది చదువు, చదివినాక అడ్రసు రాయి అని చెప్తాను. పంతులు చదివితే ఈ నిజం కోవూరుకు పోతుంది, గుడికీ పోతుంది. పోనీ. వచ్చే ఆదివారం గుడిలో పెద్దల బల్ల మీద కూచోను.

ఈ జాబు రాస్తా రాస్తా మీ అమ్మకు చదివి వినిపించినాను. మగ్దలీనమ్మ నశ్యం చెయ్యి దగ్గర ఊ అనింది. ఉప్పు వేయించిన దగ్గర కండ్లు మూసుకునింది. ఆమె చెయ్యి పట్టుకున్న సంగతి వచ్చేసరికి ఆ ముక్క గబగబా చదివి కింది వరసకు దిగినాను. మీ అమ్మ ఎడమ చెయ్యి చాపి కాగితం పట్టుకునింది. వదల్లేదు. పై వరసలోకి వేలు తీసుకొని పోయి పెట్టింది. ఆమెకు అక్షరాలు రావు, అయినా సరిగ్గా అక్కడే పెట్టింది. మళ్ళీ చదవమని. మెల్లగా, ఒక్కో మాట చదివినాను. అయిపోయినాక మళ్ళా అక్కడే వేలు పెట్టి, ఇంకొకసారి అన్నట్టు ఊ అనింది.

ఇట్లు,
నీ నాయన
కృపాదానం