పుస్తకంలో లేని నిబంధన

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి దుర్గాభవానికి అన్నయ్య దీవెనలు.

ఉత్తరమనగా ముందు క్షేమం, పిదప విషయం, చివర విన్నపం. పద్దెనిమిదేళ్లు తంతి కార్యాలయంలో పనిచేసినవాణ్ణి కనుక ఈ క్రమం తప్పను. ఇక్కడ అందరమూ, అనగా నేనూ మీ వదినా, క్షేమం. ఆమె మోకాలు మాత్రం ఈ ప్రకటనతో ఏకీభవించడం లేదు.

నీ మొదటి ప్రశ్నకు జవాబు: పచ్చడి అందింది. రెండవది, ‘అమ్మ పోయిన రోజు గాలివానకి తంతి తీగ నిజంగానే తెగిందా అన్నయ్యా’ అన్నది. దానికి ముందు ఒక నివేదిక అవసరం.

మొన్న బాపట్లలో కొత్తగా తెరిచిన సమాచార సాధనాల ప్రదర్శనశాలకు వెళ్లాను. నేను వాడిన తంతి యంత్రం అద్దాల పెట్టెలో ఉంది, తాకరాదట. పక్కనున్న చీకటి గదిలో మనం తెర మీద రాసిన మాట నాలుగు గోడల మీదా, నేల మీదా వెలుగై పారుతుంది. చూపించే అమ్మాయి పేరు కరుణశ్రీ.

“ఎవరికైనా ఏదైనా రాయండి బాబాయ్ గారూ, గదంతా మీ మాటే!”

“రేపల్లెలో మా చెల్లికి చేరుతుందామ్మా?”

“అబ్బే, ఎక్కడికీ వెళ్లదండి. కాసేపు మెరిసి ఆరిపోద్ది.”

“మా ఆఫీసూ అంతేనమ్మా.”

నవ్వింది. నేను రాశాను: ‘అమ్మ పరిస్థితి విషమం. వెంటనే బయలుదేరు.’ అక్షరాలు నా కాళ్ల మీదుగా పారి ఆరిపోయాయి.

“అయ్యో, ఇప్పుడెలా ఉందండి అమ్మగారికి?”

“పోయి ముప్పయ్యేళ్లు కావస్తోంది.”

భవానీ, తీగ తెగలేదు. ఆ ఉదయం కౌంటరులో నేనొక్కణ్ణే. ఉద్యోగి తన సొంత తంతిని తానే స్వీకరించరాదనే నిబంధన ఉందని, తరువాతి గుమాస్తా వచ్చేవరకు, ఐదు గంటలు, నీకు రాసిన తంతి ఫారం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మన పక్కింటి చిన్నయ్య రెండుసార్లు ఆఫీసుకు వచ్చాడు. “భవాని వచ్చిందా అని అడుగుతున్నారండి పెద్దమ్మగారు” అన్నాడు. మూడోసారి వచ్చి నా కండువా తీసి నా చేతికిచ్చాడు. నువ్వు చేరేసరికి చితి చల్లారింది.

ఇన్నేళ్లూ ఆ నిబంధన చాటున బతికాను. ప్రదర్శనశాలలో తంతి శాఖ నియమావళి మొత్తం తెర మీద ఉంది. మూసేవేళ దాకా పుట పుటా వెతికాను. అలాంటి నిబంధన లేదు. నేనే పెట్టుకున్నాను, ఎవరైనా వేలెత్తి చూపుతారేమోనని.

కనుక ఈ ఉత్తరం పోస్టు చేయను. రేపు ఉదయం రేపల్లె బండిలో నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నువ్వు తలుపు వేసుకుని చదువు. తియ్యడం, తియ్యకపోవడం నీ ఇష్టం. ఆలస్యంగా కబురు తెచ్చినవాడు, ఎండైనా వానైనా, ఐదు గంటలకు తగ్గకుండా గుమ్మం బయట నిలబడవలెను. లోపలినుంచి పిలిచినా గడువు తగ్గించరాదు. ఇదీ ఏ పుస్తకంలోనూ లేదు. అయినా అంతిమం.

ఇట్లు,
ఆలస్యంగా,
నీ అన్నయ్య
నాగభూషణరావు