ఇల్లు ఒరగలేదట

చిరంజీవి సౌభాగ్యవతి అయిన నా కూతురికి మీ అమ్మ దీవించి రాయిస్తున్నది. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం. ఉత్తరం అలా మొదలుపెట్టకూడదని మీ వదిన కలం ఎత్తి పట్టుకుని కూర్చుంది. నోరు నాది, చెయ్యి నీది, చెప్పింది చెప్పినట్టు రాయి అన్నాను. రాసింది.

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి వినిపించాడు. వేవిళ్ళు తగ్గాయన్నావు, సంతోషం. నా మోకాళ్ళ సంగతి అడిగావు. అవి ఎప్పుడూ ఉన్న ఏడుపే, వదిలెయ్. మీ అన్నయ్య షెడ్డు బాగానే నడుస్తోంది. సొట్టలు పడ్డ కారు తలుపులు వస్తూనే ఉన్నాయి, మా గది కింద పొద్దస్తమానం సుత్తి మోగుతూనే ఉంది. నేను వీధిలో పడ్డానని నీకెవరు మోశారో గానీ, పడలేదు. లారీ హారన్ కొడితే గోడ పట్టుకుని కూర్చున్నాను. పడటం వేరు, కూర్చోవడం వేరు. ఇక పురిటికి వచ్చి బిడ్డను చూసుకోమన్నావు. దానికి జవాబు చివర చెబుతాను, మధ్యలో లేచిపోకు.

అసలు గొడవ ఇంటితో మొదలైంది. కింద సుత్తి దెబ్బ పడగానే మా గది ఒక పక్కకు ఒరిగేది. గుమ్మం పైకి లేచేది, నేల జారేది. సుత్తి ఆగితే ఇల్లూ ఆగేది. ఎవరైనా ఏమనుకుంటారు? పునాది కుంగిందనుకుంటారు. నేనూ అదే అనుకుని మాకు అద్దెకిచ్చిన ఇంటాయన మీదికి వెళ్ళాను. మనుషులుండే కొంప కట్టావా, ఉయ్యాల కట్టావా అని నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. ఆయన పాపం తాపీమేస్త్రిని తీసుకొచ్చాడు. మేస్త్రి నీళ్ళ గొట్టం పట్టుకుని అన్ని మూలలా మట్టం చూసి, వెంట్రుకవాసి తేడా లేదన్నాడు. నీ గొట్టమే వంకర అన్నాను.

“గొట్టం వంకరైనా నీళ్ళు వంకరగా నిలవవు పెద్దమ్మా” అన్నాడు.

ఇల్లు సరిగ్గానే ఉందట. మరి ఒరుగుతున్నదేమిటి?

ఆ తర్వాత ఇంకో వింత. నేను మాట్లాడితే నా గొంతు నాకే బిందెలో తల పెట్టి అరిచినట్టు వినపడేది. అందుకని మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఇన్నాళ్ళకు అమ్మ శాంతించిందని మీ అన్నయ్య సంబరపడ్డాడు. నమిలితే చప్పుడు. అడుగు వేస్తే చెవిలో దబ్బుమని చప్పుడు. చివరికి కళ్ళు అటూ ఇటూ తిప్పినా, తలుపు కింద ఇసుక నలిగినట్టు సర్రుమంటుంది. అందరికీ ఇలాగే ఉంటుందేమో, ఎవరూ పైకి చెప్పరేమో అనుకుని మీ అన్నయ్యను అడిగాను, నీ కళ్ళు కూడా చప్పుడు చేస్తాయా అని. వాడు నా మొహం చూసి, చేతిలో సుత్తి కింద పెట్టి, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఒక డాక్టరు నరాల బలహీనత అన్నాడు. ఒకాయన బెంగ అన్నాడు. నాకు బెంగేమిటి, నన్ను చూస్తే బెంగకే బెంగ. మూడో ఆవిడ ఫొటో తీయించి చూసి, చెవి లోపల సన్నటి గొట్టాలుంటాయంది. వాటిలో నీళ్ళుంటాయట. తల ఎటు తిరిగినా ఆ నీళ్ళు కదిలి మనకు చెబుతాయట. నా కుడి చెవిలో పై గొట్టం మీది ఎముక అరిగి కన్నం పడిందట. గట్టి చప్పుడైతే ఆ నీళ్ళు ఊరికే కదులుతాయి, తల తిరిగిందని అబద్ధం చెబుతాయి. ఇది చాలామందికి తెలియని జబ్బట. ఆపరేషన్‌తో పూడ్చవచ్చు, కానీ ఈ వయసులో తొందరపడొద్దు, చప్పుళ్ళకు దూరంగా ఉండు అంది. కింద సుత్తి, పైన పిడుగు, ఎక్కడికి పోయి ఉండను? నొప్పి లేదు, నెత్తురు లేదు, ఎముకకు కన్నమేమిటో నాకిప్పటికీ బుర్రకెక్కలేదు. ఒక పూట నిజమే అనిపిస్తుంది, ఒక పూట ఇంటాయన మీదే అనుమానం.

పిడుగంటే నీ మేనకోడలు. దాని గొంతుకు నేను పెట్టిన పేరు.

ఇక నీకు జవాబు. డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు మాట ఇది. మీ వదిన స్నానానికి వెళుతూ పిల్లను నా చేతికిచ్చింది. నిలబడి ఆడిస్తుంటే అది నా కుడి చెవిలో ఒక్క కేక పెట్టింది. గది తలకిందులైంది. పిల్ల నా చేతుల్లోంచి జారిపోయింది. ఎక్కడ పట్టుకున్నానో, ఎలా పట్టుకున్నానో, మొత్తానికి కాలు దొరికింది. కూలబడి, దాన్ని వట్టి నేల మీద పెట్టి, గోడకేసి తిరిగి కళ్ళు మూసుకున్నాను. అది గుక్కపట్టి ఏడుస్తున్నా ఎత్తుకోలేదు. మీ వదిన వచ్చి చూసింది. నా పిల్ల మీకు బరువైతే చెప్పండి, నేలపాలు చెయ్యకండి అంది. అవును బరువే అన్నాను. జారవిడిచానని ఒప్పుకోవడం కన్నా రాతిగుండె అనిపించుకోవడమే తేలికనిపించింది. ఆ రోజు నుంచి పిల్లను నా చేతికివ్వలేదు.

ఇక్కడ మీ వదిన చెయ్యి ఆగింది. ఈ సంగతి దానికీ ఇప్పుడే తెలిసింది.

“జారిందని ఆ రోజే చెప్పొచ్చుగా అత్తయ్యా.”

“చెబితే మళ్ళీ ఇచ్చేదానివా?”

“ఇచ్చేదాన్ని కాదు.”

“చెప్పకపోయినా ఇవ్వలేదుగా. రాయి.”

రాయలేదు. ఇంతలో పిడుగు లేచి ఏడుపు అందుకుంది. మీ వదిన లోపలికి వెళ్ళి పిల్లను తెచ్చి, నేల మీద కూర్చున్న నా ఒళ్ళో పెట్టింది. వద్దే అంటున్నా వినకుండా నా వెనక కూర్చుని తన వీపు నా వీపుకు ఆనించింది. పిల్ల ఏడ్చింది. గది ఒరిగింది. ఏది నేలో ఏది గోడో తెలియలేదు. వెనకున్న వీపు మాత్రం కదల్లేదు. ఏడిచి ఏడిచి పిల్ల నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఈ మాటలు దాని తల మీదుగా చెబుతున్నాను, మీ వదిన నా వెనక నుంచే మళ్ళీ రాస్తోంది.

ఇలా చెయ్యడం మంచిదో కాదో తెలియదు, డాక్టరమ్మను అడగలేదు. నీ బిడ్డను నిలబడి మాత్రం ఎత్తుకోను. మీ ఇంట్లో నా వెనక కూర్చునే మనిషి ఉంటే రమ్మని రాయి. లేకపోతే రావద్దని రాయి. నేనేమీ అనుకోను. అనుకుంటాననుకో, అయినా ఉన్నమాటే రాయి.

ఇట్లు,
చెప్పింది మీ అమ్మ,
ఒక్క మాటా మార్చకుండా రాసింది మీ వదిన.