తూము తలుపు

పిసిగిట్ కోట, ఏప్రిల్ 1761

ప్రియమైన తియోతిస్త్ అక్కకి,

నువ్వు బాల్టిమోర్‌లో బతికే ఉన్నావని ఒక ఓడ సరంగు చెప్పాడు. చెవి కింద కాలిన మచ్చ ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఈ ఉత్తరం అతనికే ఇస్తున్నాను.

నేనూ బజిల్ బాబాయీ ఇంగ్లీషు వాళ్ల కోటలో ఖైదీలం. ఆరేళ్ల కిందట వీళ్లు మన ఊరు ఖాళీ చేయించి మిమ్మల్ని ఓడలెక్కించినప్పుడు మేమిద్దరం అడవిలోకి పారిపోయాం. తినడానికి ఏమీ మిగలక చివరికి మేమే వచ్చి లొంగిపోయాం. బాబాయి కర్రకి కోటు తగిలించినట్టు తయారయ్యాడు. "ఈ ముసలాణ్ణి కట్టేయక్కర్లేదు, గాలికి ఎగిరిపోకుండా చూసుకోండి చాలు" అన్నాడొక సిపాయి. "ఎగిరితే మా ఊళ్లోనే వాలతాను నాయనా, నీకెందుకు బెంగ" అన్నాడు బాబాయి.

మనల్ని ఇప్పటికీ కాగితాల్లో 'తటస్థులు' అనే రాస్తున్నారు. ఇంగ్లీషు రాజూ ఫ్రెంచి రాజూ కొట్టుకుంటే ఎవరి తరఫునా తుపాకీ పట్టం అని మన తాతలు ప్రమాణం చేసి తెచ్చుకున్న పేరు కదా. బాబాయి దానికి అర్థం చెబుతాడు: "తటం అంటే గట్టు. గట్టు మీద నిలబడ్డాం కనకే రెండు వైపుల నీళ్లూ మనల్నే కొట్టాయి."

ఒక్క మాట అడగాలి. ఇక్కడ పొద్దుపోక మగాళ్లం పాత పనుల గురించి వాదించుకుంటుంటాం. నాన్న మన సముద్రపు గట్టు కింద తూముకి తలుపు బిగించేవాడే, పోటు వస్తే దానంతటదే మూసుకుని, ఆటులో పొలం నీళ్లని వదిలేసే తలుపు. ఆ చెక్కని నానబెట్టి బిగించాలని కొందరు, ఎండబెట్టి బిగించాలని కొందరు. నన్నెప్పుడూ ఆయన దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "పోరా, చేపలు పట్టుకో" అనేవాడు. బురదలో దిగి చెక్క పట్టుకుంది నువ్వే. నీకు గుర్తుంటుంది.

మన పొలాలు ఎలా ఉన్నాయో తెలియదు. మమ్మల్ని కోట దాటనివ్వరు.

అమ్మకి నా ముద్దులు. బాబాయి నీకు దీవెనలు చెప్పమన్నాడు. అక్షరాలు దిద్దించినవాడు కదా, నీ చేతిరాత ఇంకా కోడి కెలికినట్టే ఉందా అని అడుగుతున్నాడు.

నీ తమ్ముడు,
ఒనొరె

*

బాల్టిమోర్, జూలై 1761

ప్రియమైన తమ్ముడికి,

అమ్మ లేదురా. ఇక్కడికి వచ్చిన రెండో చలికాలంలో పోయింది. నా చిన్నవాడు సిప్రియాన్ ఓడలోనే పోయాడు. నా కూతురు నాస్తాజీ ఒక్కతే మిగిలింది. కప్పు సగం ఊడిపోయిన ఇటుక ఇంట్లో ఏడు కుటుంబాలం ఉంటున్నాం. తారు పట్టిన పాత తాళ్లు పీచు పీచుగా విప్పితే రొట్టె ఇస్తారు. మొన్న ఒక దొరసాని పాత గౌన్లు పంచడానికి వచ్చి "ఇంతకీ మీరు ఎవరి పక్షం?" అని అడిగింది. "రొట్టె పెట్టేవాళ్ల పక్షం" అంది నాస్తాజీ. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఓడ కదిలినప్పుడు మన ఇళ్ల మీద పొగ కనబడింది. అమ్మ దాన్ని చూస్తూ ఒక్కటే అంది. "ఆ గట్టు తెగిపోవాలి. ఆ నేల సముద్రం తినాలి గానీ ఇంకొకడు తినకూడదు." పోయేముందు కూడా గట్టు తెగిందా అనే అడిగింది.

మన ఊరిని బోస్టన్ వాళ్లకి పంచి ఇచ్చారట. గట్లు బాగుచేయడం వాళ్లకి చేతకాక, ఖైదీలతో చేయిస్తున్నారని కూడా విన్నాను. నువ్వు కోట దాటడం లేదన్నావు కనక ఆ పాపం నీకు అంటదు.

నాన్న తలుపు సంగతి అడిగావు. ఆయన చెక్కని బాగా ఎండబెట్టేవాడు. తడి తగలనిచ్చేవాడు కాదు. చుట్టూ గోరు కూడా దూరనంత బిగువుగా దిగేసేవాడు. మీ వాళ్లకి అదే చెప్పు.

బాబాయి కాళ్లకి నా దండాలు. నా చేతిరాత చూపించు. కోడి కాదు, కనీసం బాతు అని ఒప్పుకుంటాడేమో.

నీ అక్క,
తియోతిస్త్

*

గ్రాంప్రే, నవంబరు 1761

ప్రియమైన అక్కకి,

పైన ఊరి పేరు చూశావు కదా, మన ఊరే. నేను నీకు అబద్ధం రాశాను.

ఆ మొదటి ఉత్తరం రాసేనాటికే నేను మన గట్టు మీద పనిలో ఉన్నాను. తూము కట్టేవాడి కొడుకునని తెలిసి మేస్త్రీ పిలిచాడు. పని వచ్చని చెప్పాను. వస్తే ఇద్దరికి రొట్టె ఎక్కువ ఇస్తానన్నాడు. బాబాయికి అప్పటికే పళ్లు ఊడుతున్నాయి. అమ్మ మాట నీ ఉత్తరంలో చదివిన రోజు పనికి వెళ్లకూడదనుకున్నాను. మర్నాడు వెళ్లాను.

తలుపు నువ్వు చెప్పినట్టే బిగించాను. కొన్నాళ్లు బాగానే ఆడింది. తర్వాత చెక్క ఉబ్బి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఇరుక్కుపోయింది. పెద్ద పోటు వచ్చి పొలమంతా ఉప్పు నీళ్లు నిండాయి. ఆటు తీసినప్పుడు, మళ్లీ పోటు వచ్చేలోగా సముద్రం వైపు నుంచి ఎవరైనా తూములో దూరి దాన్ని కదపాలి. నేను దూరబోతే భుజాలు పట్టలేదు. బాబాయి కోటు విప్పి నా చేతికి ఇచ్చాడు.

"వద్దు బాబాయ్, నీకు పార పట్టుకోవడమే రాదు" అన్నాను.

"పార ఎవడడిగాడ్రా? బతుకంతా కలం తోశాను. ఒక్కసారి తలుపు తోస్తాను, తప్పుకో."

కదిపాడు. లోపల్నుంచి "వచ్చింది!" అని అరిచాడు కూడా. మన పోటు నీకు తెలుసు, గుర్రంలా వస్తుంది. కాళ్లు పట్టుకుని లాగబోయాను, చెప్పు ఒకటి చేతికి వచ్చింది. తలుపు ఎలా మూసుకోవాలో అలా మూసుకుంది. బాబాయి సముద్రం వైపున ఉండిపోయాడు.

మన ఇల్లు కాలిన చోట ఇప్పుడొక బోస్టన్ ఆవిడ ఇల్లు కట్టుకుని ఉంటోంది. బాబాయి శవం మీద కప్పడానికి తన దుప్పటి తెచ్చింది. వాళ్ల చేను మూడేళ్ల దాకా పండదు. నన్ను ఒక్క మాట అనలేదు.

నువ్వు చెప్పినదాంట్లో నేను ఏదో సరిగ్గా చేయలేదు. చెక్క ఇంకా ఎండాల్సిందా? ఇంకా బిగించాల్సిందా? ఎక్కడ తప్పు చేశానో చెప్పు. అది తెలిస్తే గానీ నీ మొహం చూడలేను.

తమ్ముడు,
ఒనొరె

*

బాల్టిమోర్, మార్చి 1762

ఒనొరెకి,

ప్రియమైన అని రాసే హక్కు నాకు ఉందో లేదో నువ్వు చెప్పాలి.

నువ్వు ఏ తప్పూ చేయలేదు. తలుపు గురించి అడిగినప్పుడే నువ్వు ఎక్కడున్నావో నాకు తెలిసింది. పొద్దుపోవడానికి ఎవరూ తూము తలుపు గురించి అడగరు. నీకు తప్పు చెప్పాలని కూర్చునే రాశాను.

చెడిపోతే బోస్టన్ వాళ్ల చేను చెడుతుందనుకున్నాను. అక్కడ పొలమూ సముద్రమే కనబడ్డాయి నాకు. మధ్యలో మనుషులు కనబడలేదు. ఇక్కడ దొరసానులు నన్ను 'పాపం, తటస్థురాలు' అని గౌను ఇస్తే కడుపు మండేది. ఒక్కసారైనా ఒక పక్షం వహించాలనుకున్నాను. వహించాను. బాబాయి నేర్పిన అక్షరాలతోనే.

నాస్తాజీకి చెప్పాను. అది నాతో మాట్లాడటం లేదు.

ఇది అసలు పద్ధతి. చెక్కని ఒక చలికాలమంతా ఉప్పు బురద గుంటలో పాతి ఉంచాలి. ఎంత ఉబ్బాలో అంతా అక్కడే ఉబ్బాలి. తడిగా ఉండగానే చెక్కాలి. బిగించాక చుట్టూ బొటనవేలు ఆడేంత సందు వదలాలి. ఆ సందులోంచి కాస్త నీరు కారినా ఫర్వాలేదనేవాడు నాన్న.

ఆ బోస్టన్ ఆవిడకి ఇలాగే బిగించి ఇవ్వు.

నేను ఈసారి నిజమే రాస్తున్నాను. నువ్వు నమ్మాలంటే ఎలా రాయాలో తెలియడం లేదు.

తియోతిస్త్