ధాన్యపు కొట్టు ఇంకా పడలేదు

బెర్తలాన్,

చిక్కుడు గింజల సూపు పొయ్యి మీద ఉంది. వేడి చేసుకుని నాలుగు చెంచాలైనా తాగు. వీధి తలుపుకి గడియ పెట్టకు, మధ్యాహ్నం పక్కింటి గిజెల్లా పిన్ని వచ్చి చూస్తుంది. ఆవిడ మీద విసుక్కోకురా. ఫ్యాక్టరీలో సెలవు ఇవ్వలేదు, లేకపోతే ఇవాళ నిన్ను వదిలి కదిలేదాన్ని కాదు.

ముందుగది బల్ల మీద దుప్పటి తీసేశాను. మన గ్యోర్ ఊరి పొలిమేరలో నెపోలియన్ సేన చేతిలో మనవాళ్ళు ఓడిన ఆ యుద్ధాన్ని ఆడాలని, నువ్వూ నీ స్నేహితుడు ఎడెనూ ఎన్ని ఆదివారాలు కూర్చుని ఆ బొమ్మ సైనికులకు రంగులేశారు! ఎడెన్ పోయిన రోజున దాని మీద దుప్పటి కప్పావు, నువ్వూ దుప్పటి కప్పుకుని పడుకున్నావు. ఇక నిన్నిలా చూడటం నావల్ల కాదురా. అతని బదులు ఫ్రెంచివాళ్ళను నేను నడుపుతాను.

నిన్న నేను ఫ్రెంచి గుర్రాలను బల్ల మీది ధాన్యపు కొట్టు గోడ మీదికి ఎక్కిస్తుంటే తలుపు సందులోంచి చూసి, "గుర్రాలు గోడెక్కుతాయా అక్కా?" అన్నావు. ఇన్ని వారాల్లో నీ నోట వచ్చిన మాట అదొక్కటే. వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఇంకా తప్పులు చాలానే చేసి ఉంటాను. లేచి వచ్చి తిట్టుకుంటూ సరిచెయ్యి. ధాన్యపు కొట్టులో నీ మనుషులు ఇంకా నిలబడే ఉన్నారు. వంతు నీది. ఒక్క బొమ్మను జరుపు, చాలు.

అక్క ఎతెల్కా

నిద్రమాత్రల సీసా నా సంచిలో ఉంది, వెతకకు. రాత్రికి ఒకటి నేనే ఇస్తాను. కోప్పడితే కోప్పడు, నేను వచ్చేసరికి మాత్రం ఉండు.